ముందు ముట్టుకున్న మనిషి

కొత్త లైనింగు బట్టను నీళ్ళలో తడిపి, పిండి, నీడన ఆరేసి, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఒక వాసన లేస్తుంది. గంజీ, ఆవిరీ, పత్తీ కలిసిన వాసన. బాగేపల్లిలోని నా కుట్టుపని అంగడిలో దాదాపు ప్రతి ఉదయమూ ఆ వాసనతోనే మొదలవుతుంది. ఆ ఆవిరి ముఖానికి తగలగానే నాకు చింతామణి బస్టాండు వెనక ఉన్న ఒక ఇరుకు గది గుర్తుకొస్తుంది. ఆ గదిలో పెదాల మధ్య గుండుసూదులు బిగబట్టుకుని వచ్చినవాళ్ళందరినీ తిట్టే ఒక మనిషి గుర్తుకొస్తుంది. నోట్లో సూదులు పెట్టుకుని తిట్టడం ఎంత కష్టమో ఈ పని చేసేవాళ్ళకే తెలుసు. రాహేలమ్మకు మాత్రం అది మంచినీళ్ళ ప్రాయం.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, తెల్లచీర, మెడలో పూలదండ వేసుకున్నట్టు టేపు. భర్త ఒక చిన్న ప్రార్థన మందిరానికి పాస్టరుగా ఉంటూ చనిపోయాడు. పిల్లలు లేరు. ఆయన తర్వాత మందిరం ఇంకొక పాస్టరు చేతికి వెళ్ళింది, కుట్టుమిషను ఆమెకు మిగిలింది. రవికలు కుట్టి బతుకుతూ ప్రతి ఆదివారమూ అదే మందిరంలో ముందు వరసలో కూర్చునేది. గొంతు బాగుండదు, పాట మాత్రం అందరికంటే పెద్దగా పాడేది. ప్రార్థన మాత్రం చాలా పొట్టిగా చేసేది. కత్తెర గుడ్డ మీద పెట్టే ముందు కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీకు తెలుసు కదా. నేను మళ్ళా చెప్పేదేముండాది? ఆమేన్" అనేది, కత్తెర కదిలేది. భక్తురాలంటే శాంతమూర్తి అని అనుకునేవాళ్ళు ఆమె దగ్గర రవిక ఆలస్యంగా తీసుకోవడానికి వెళ్ళి చూడాల్సింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె చేసిన పని మీకు చిన్నదిగా కనిపిస్తుంది. చింతామణి పక్కన మా ఊళ్ళో నాన్నకు ఒక చిన్న అంగడి ఉండేది. పప్పు, బెల్లం, ఉప్పు తూకమేసి పొట్లాలు కట్టడం చిన్నప్పటినుంచీ నా పని. పదో తరగతి పరీక్షలైన ఎండాకాలంలో నా కుడిచేతి వేళ్ళ మీద తెల్లమచ్చ ఒకటి కనిపించింది. తర్వాత ఎడమచేయి, మణికట్టు, మోచేయి. చిక్కబళ్ళాపురంలో చర్మం డాక్టరుకు చూపిస్తే, "ఇది బొల్లి, ఎవరికీ అంటుకోదు, ప్రాణానికి ఏమీ కాదు" అన్నాడు. బయటికి వచ్చాక అమ్మ నాన్నతో, "పోతుందా పోదా అని మాత్రం చెప్పలేదే ఆయప్ప" అంది. మా ఇంట్లో ఆ రోజునుంచీ ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది.

అంగడిలో ఒక రోజు మా వీధామె బెల్లం అడిగింది. నేను తక్కెడ అందుకున్నాను. ఆమె నా వేళ్ళ వైపు చూసి, చాలా మెల్లగా, "మీ నాయన్ను పిలుచు పాప. ఆయన తూకమేస్తే తీసుకుంటా" అంది. తిట్టలేదు, అసహ్యించుకోలేదు, మర్యాదగానే చెప్పింది. తిట్టి ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని. ఆ తర్వాత అంగడి ముందువైపుకు నేను రాలేదు.

ఇంట్లో జరిగింది ఇంకా చిన్న విషయం. మా వైపు రాత్రి అన్నం తక్కువ, రాగిసంగటి ఎక్కువ. ఉడికిన సంగటిని కట్టెతో గెలికి, తడిచేత్తో వేడివేడిగా ముద్దలు కట్టాలి. ఎనిమిదో తరగతినుంచీ మా ఇంట్లో ముద్దలు కట్టేది నేనే. అమ్మ ఒక సాయంత్రం నా చేతిలోంచి కట్టె తీసుకుని, "నువ్వు పో, చదువుకో" అంది. పరీక్షలు అయిపోయాయి, చదవడానికి ఏమీ లేదు. నేను వెళ్ళి పుస్తకం తెరిచి కూర్చున్నాను. అమ్మకు నా మీద అసహ్యం లేదు, ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. చెల్లెలి పెళ్ళి కావాలి, ఇంటికి నలుగురూ రావాలి, వచ్చినవాళ్ళు తినాలి. ఆమెది భయం. కానీ ప్రేమించేవాళ్ళు భయపడితే అసహ్యం కంటే ఎక్కువ కోస్తుంది.

కొన్నేళ్ళ తర్వాత శిడ్లఘట్టనుంచి నన్ను చూడటానికి వచ్చారు. పట్టుదారం తీసే పని చేసే కుటుంబం, మంచివాళ్ళే. కాఫీ లోటాలు నేనే తీసుకెళ్ళాను, కొంగుతో చేతులు ఎంత దాచుకున్నా లోటా పట్టుకోవడానికి వేళ్ళు బయటికి రాక తప్పదు కదా. వాళ్ళు లోటాలు అందుకున్నారు, కబుర్లు చెప్పారు, ఎండల గురించి మాట్లాడారు, లేచి వెళ్ళిపోయారు. నేను లోటాలు తీయడానికి వస్తే అన్నీ నిండుగా ఉన్నాయి. కాఫీ మీద మీగడ కట్టి ఉంది. ఆ రోజు నేను ఏడవలేదు. కాఫీ పెరట్లో పారబోసి, లోటాలు రెండుసార్లు కడిగాను.

ఆ వారమే చింతామణిలో రాహేలమ్మ గదికి మొదటిసారి వెళ్ళాను. పొడుగు చేతుల రవిక కావాలి. మిగతా టైలర్లందరూ ఆది రవిక ఇస్తే చాలు అనేవాళ్ళు, దాన్ని కూడా కొసవేళ్ళతో అందుకునేవాళ్ళు. అలవాటుగా నేను కూడా సంచిలోంచి ఆది రవిక తీశాను.

"అది నాకొద్దు. నీ ఒళ్ళు యాడ ఎంతుండాదో దానికేం తెలుసు? ఇట్లా రా" అంది.

నేను కదలలేదు. ఆమే లేచి వచ్చి నా మోచేయి పట్టుకుని వెలుతురులోకి లాగింది. భుజం, చంక, దండచెయ్యి, అన్నీ టేపుతో కొలుస్తూ, ఒక్కోచోట వేళ్ళతో నొక్కి చూస్తూ పోయింది. ఇంట్లోవాళ్ళు కాకుండా నా చేతిని అట్లా పట్టుకున్న మనిషిని చూసి చాలా కాలమైంది.

"ఇది అంటుకోదమ్మా. డాక్టరు చెప్పినాడు" అన్నాను.

"నేనడిగితినా?" అంది సూదుల మధ్యనుంచి. "చేతులు యాడిదాకా కావాల?"

"వేళ్ళదాకా."

"వేళ్ళదాకా కుడితే దాన్ని సంచి అంటారు, రవిక అనరు. మణికట్టుదాకా కుడతా. మిగిలింది నువ్వు చూసుకో."

పని కాగానే ఎదురుగా ఉన్న హోటలునుంచి టీ తెప్పించింది. మా వైపు పెద్దవాళ్ళు గ్లాసు ఎత్తి, పెదవికి తగలకుండా తాగుతారు. నేనూ ఎత్తబోయాను. "మూతి పెట్టి తాగు" అని గదిమింది. ఆమె గదిలో అది చట్టం. ఎవరొచ్చినా గ్లాసు పెదవికి ఆనించే తాగాలి. తర్వాతెప్పుడో నేను కారణం అడిగితే చెప్పింది. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో వాళ్ళ కులంవాళ్ళకు ఎవరూ చెంబు చేతికి ఇచ్చేవాళ్ళు కాదట. దోసిలి పడితే పైనుంచి పోసేవాళ్ళు. "చదువుకునే శాలెలో కూడా అంతే. ఎత్తునుంచి పడే నీళ్ళ సప్పుడు నాకు ఇప్పటికీ పడదు. ఆ నీళ్ళు దాహం తీరుస్తాయి గానీ మనిషిని చేయవు" అంది. అంతకంటే తన బాధ గురించి ఆమె ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. వెంటనే కాజాలు సరిగ్గా కుట్టలేదని నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

కాజాల దాకా ఎట్లా వచ్చానంటే, రవిక తీసుకోవడానికి వెళ్ళిన రోజే, "ఇంట్లో కూర్చొని ఏం చేస్తాండావు?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. "రేపట్నించి రా. నాకు హెమ్మింగు చేసేవాళ్ళు లేరు" అంది. నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ, "వాళ్ళు క్రైస్తవులు కదా" అని ఒక్కమాట అని ఊరుకుంది. నేను ఇంట్లో గోడ వైపు చూస్తూ కూర్చోవడం ఆమెకూ భరించరానిదిగా ఉండి ఉంటుంది.

ఆ గదిలో నేను నేర్చుకున్నది కుట్టుపని. దేవుడి గురించి ఆమె నన్ను కూర్చోబెట్టి ఏమీ చెప్పలేదు. తనలో తను మాట్లాడుకునేది, నేను విన్నాను. దారం తెగితే ప్రభువుతో ఫిర్యాదు, రవిక సరిగ్గా కుదిరితే ప్రభువుకు వందనం. ఆయనేదో పక్క గదిలో ఉన్నట్టు ఉండేది ఆమె వ్యవహారం. కొన్ని నెలలకు నేనే ఆమె వెంట మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాను. మొదట వెనక వరస, చేతులు కొంగు కింద.

ఒకసారి చిక్కబళ్ళాపురంలో పెద్ద స్వస్థత కూటాలు జరిగాయి. దూరంనుంచి ఎవరో ప్రసంగీకుడు వస్తున్నాడని, ఆయన ప్రార్థిస్తే రోగాలు పోతున్నాయని చెప్పుకున్నారు. రాహేలమ్మ నన్ను తీసుకెళ్ళింది. ఆమెకూ ఆశ ఉండింది, నాకైతే చెప్పనక్కర్లేదు. ముందు రోజు నిద్రపట్టలేదు. మైదానం నిండా జనం. రోగులను వరసగా వేదిక కిందికి పిలిచారు. నా వంతు వచ్చింది. ఆయన నా చేతులు చూశాడు. కళ్ళు మూసి, నా తల మీదికి చెయ్యి చాపాడు. నేను ఎదురుచూశాను. ఆ చెయ్యి నా తల మీద పడలేదు. జానెడు పైన గాలిలో ఆగిపోయింది. ఆయన గట్టిగా ప్రార్థించాడు, విశ్వాసముంటే మచ్చలు పోతాయన్నాడు, పక్క మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పక్క మనిషిది మోకాలి నొప్పి. ఆయన మోకాలి మీద మాత్రం చెయ్యి పెట్టాడు.

తిరిగి బస్సెక్కాం. బస్సు ఊరు దాటగానే రాహేలమ్మ, "చూస్తివా?" అంది.

"ఏం చూడాల?"

"ఆయప్ప చెయ్యి నీ తల మీద పడలేదు."

ఆమె చూసిందని నాకు తెలియదు. నా విశ్వాసం చాలలేదేమో అన్నాను.

"గమ్మునుండు!" అంది, ముందు సీటువాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా. "నిన్ను పిల్చుకొని పోయిన తప్పు నాది. విను. యేసయ్య దగ్గరికి కుష్టు ఉండే మనిషి ఒకడు వస్తే, ఆయన ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. మళ్ళా బాగుచేసినాడు. బాగైనాక ముట్టుకొనేదానికి దేవుడెందుకు? ఆ పని మా యోహానప్ప కూడా చేస్తాడు."

యోహానప్ప మందిరంలో సంఘపెద్ద. చాలా నిష్ఠగల మనిషి. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది.

"మచ్చలు పోకపోతే?" అన్నాను.

"పోకపోతే ఉంటాయి. అవి నీ ఒంటిమీద అద్దెకుండాయి. నువ్వు వాటింట్లో అద్దెకు లేవు."

ఆ బస్సులో నాకు వెలుగు కనిపించలేదు, స్వరం వినిపించలేదు. కిటికీ అవతల నందికొండ మెల్లగా వెనక్కి పోయింది, అంతే. కానీ ముందు ముట్టుకున్నాడు, మళ్ళా బాగుచేసినాడు అన్న ఆ వరస నాలో దిగబడింది. అన్నేళ్ళూ నేను దాన్ని తిరగేసి పట్టుకుని ఉన్నాను. మచ్చలు పోతే అంగడిలో కూర్చుంటాను, మచ్చలు పోతే ముద్ద కడతాను, మచ్చలు పోతే మనిషినవుతాను అని. శిడ్లఘట్ట దాటాక చూసుకుంటే నా చేతులు రెండూ ఒళ్ళో బయటే ఉన్నాయి. ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

మరుసటి ఏడాది బాప్తిస్మం తీసుకున్నాను. పేరు మార్చుకోవాలా అని అడిగితే, "పద్మ మంచి పేరే కదా, దానికేమొచ్చింది?" అంది రాహేలమ్మ. నాన్న మందిరం బయట సైకిలు పట్టుకుని నిలబడి, అయిపోయాక నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. అమ్మ రాలేదు.

ఇప్పుడు రొట్టె సంగతి. మా మందిరంలో నెలకొకసారి ప్రభువు బల్ల ఉంటుంది, యేసయ్య చివరి భోజనం జ్ఞాపకంగా అందరమూ ఒకే రొట్టె పంచుకుని తింటాం. ఆ రొట్టెను కొనుక్కురారు. వంతులవారీగా ఒక్కొక్క ఇంటి ఆడమనిషి పులియని పిండితో ఇంట్లో కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి తెస్తుంది. చేసిన మనిషే పళ్ళెం పట్టుకుని అందరి ముందూ నడిచి బల్ల మీద పెట్టాలి. అదొక గౌరవం. ఒక నెల రాహేలమ్మ వంతు వచ్చింది. శనివారం సాయంత్రం నాతో, "నాకు భుజం నొప్పి. పిండి నువ్వు కలుపు" అంది. ఆ పొద్దున్నే ఆమె ఒక తాను గుడ్డ మొత్తం నిలబడి కత్తిరించడం నేను చూశాను. ఆమెకు అబద్ధమాడటం సరిగ్గా రాదు.

నేను కుదరదన్నాను. ఏడ్చాను. బెల్లం కొనడానికి వచ్చినామె దగ్గరనుంచి మీగడ కట్టిన కాఫీ దాకా అన్నీ మొదటిసారి ఆమెకు చెప్పాను. వాళ్ళందరూ వద్దన్నది నన్ను కాదు, నా చేతి తిండిని. ఇప్పుడు మందిరం మొత్తం ముందు, అదీ ప్రభువు శరీరమని తినే రొట్టెను, ఎవరైనా వద్దంటే నేను మళ్ళీ ఏ ముఖంతో బతకాలి? ఆమె అంతా విని, "వద్దంటారేమో. నాకూ తెలీదు. అయినా కలుపు" అంది. ఏమీ కాదని ఆమె నాకు మాట ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

మందుల అంగడికి వెళ్ళి రబ్బరు గ్లౌజులు కొనుక్కొచ్చాను. అవి తొడుక్కుని పిండి ముందు కూర్చుంటే రాహేలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏమ్మా, చేతులకు కూడా రవికలు కుట్టుకుంటివా?"

నేను నవ్వలేదు. ఆమె వంగి ఒక్కొక్క వేలునుంచీ గ్లౌజు లాగింది. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని పిండిలో పెట్టింది. "ప్రభువా, నీకు తెలుసు కదా" అని ఆగింది. ఆ రోజు ఆమేన్ అనడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

ఆదివారం పళ్ళెం పట్టుకుని నడిచాను. బల్ల దగ్గరికి చేరేలోపల యోహానప్ప లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు, అది ముందే చెప్పాలి.

"పాప మీద నాకు కోపం లేదు" అన్నాడు. "మోషే ధర్మశాస్త్రంలో తెల్లమచ్చ ఉండేవాళ్ళు జనం గుడారాలేసుకున్న పాళెం బయట ఉండాలని రాసుండాది. మనం చూసీచూడనట్టు ఉండకూడదు. రొట్టె ఇంకొక ఇంటినుంచి తెప్పిద్దాం."

బొల్లినీ కుష్టునూ కలిపేసిన ఆ పొరపాటు ఆయనొక్కడిదే కాదు, చాలామంది తలలు ఊగాయి. పళ్ళెంతోనే వెనక్కి తిరగబోయాను. రాహేలమ్మ లేచింది. ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు అరవలేదు.

"యోహానప్పా, ఆయన్ను సిలువ వేసింది కూడా పాళెం బయటనే కదప్పా. ఈ పాప ఆడ ఉంటే ఆయన పక్కన ఉన్నట్టు. లోపల మిగిలేది మనమే. ఈ పొద్దు ఈ రొట్టె తినలేమంటే వద్దు. అందరమూ ఆకలితోనే ఇంటికి పోదాం. ఇంకొక రొట్టె మాత్రం తేవద్దు."

పాస్టరు చిన్నవయసు మనిషి. ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ఇరుక్కున్నాడు. అయినా బల్ల వెనకనుంచి బయటికి వచ్చి, నా చేతులతో కలిపే పళ్ళెం పట్టుకున్నాడు. ఇద్దరమూ కలిసి దాన్ని బల్ల మీద పెట్టాం. ఆయన ప్రార్థన చేసి, విరిచి, మొదటి ముక్క తాను తిన్నాడు. రెండోది నాకిచ్చాడు. తర్వాత ఒక్కొక్కరూ లేచి వచ్చారు. నేను పక్కన గోడకు ఆనుకుని, ఒక్కొక్క నోరూ కదలడం చూస్తూ నిలబడ్డాను. ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలంటారు. ఆ రోజు నేను మూయలేదు.

యోహానప్ప లేవలేదు. మిగిలినవాళ్ళు దాదాపు అందరూ తిన్నారు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఒక ముసలమ్మ నన్ను పట్టుకుని, "ఏమ్మా, రొట్టె శానా గట్టిగా ఉండాది. నాకు మిగిలిందే నాలుగు పండ్లు. వచ్చేసారి కొంచెం మెత్తగా కాల్చు" అంది. నాకు పట్టరానంత సంతోషం కలిగింది. నా వంట బాగాలేదని ఒకరు నన్ను నిలదీశారు! రొట్టె బాగాలేదట, చేతుల మాటే లేదు. వచ్చేసారి అట, అంటే ఇంకొకసారి కూడా ఉందన్నమాట. ఆ తర్వాత మా వంతు వచ్చిన ఒక నెలలో యోహానప్ప కూడా లేచి వచ్చి తీసుకున్నాడు.

ఆ మొదటి ఆదివారం సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర ఉండగా చెప్పాను.

"తినిరా?" అంది.

"తినిరి."

"అందరూనా?"

"ఒకాయన తప్ప."

అమ్మ పొయ్యి వైపు తిరిగింది. సంగటి అప్పటికే ఉడికిపోయింది, అయినా గెలుకుతూనే ఉంది. కట్టె నా చేతికి ఇస్తుందని అనుకున్నాను. ఇవ్వలేదు.

తర్వాత బాగేపల్లిలో నాకు సొంత అంగడి వచ్చింది. చెల్లెలికి పెళ్ళయింది, ఆ పెళ్ళి రవికలన్నీ రాహేలమ్మే కుట్టింది. నాన్న పోయాడు. భయపడటానికి అమ్మకు ఇక కారణాలు మిగల్లేదు, అయినా అలవాటు మిగిలింది. నేను ఊరికి వెళ్తే ఆమే వండేది, నాకు వడ్డించేది, నన్ను ఏ గిన్నెనూ ముట్టనిచ్చేది కాదు. "అలసిపోయి వచ్చింటావు, కూర్చో" అనేది. నేను కూర్చునేదాన్ని. ఊరందరి ముందు రాని సిగ్గు ఆ వంటింటి గడప దగ్గర ఇంకా నా కోసం కాచుకుని ఉండేది.

రాహేలమ్మ చివరి రోజుల్లో నేను వారం వారం చింతామణికి వెళ్ళి తల దువ్వి వచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను. "అమ్మా, నా మచ్చలు పోవాలని నువ్వు ఎప్పుడైనా ప్రార్థన చేస్తివా?"

"మొదట్లో చేస్తి. మళ్ళా నిలిపేస్తి."

"ఎందుకు?"

"అడిగినప్పుడంతా, ఈ పాప చేతులు బాగాలేవు ప్రభువా అని చెప్పినట్ల ఉండె. అవి బాగుండాయి కదా. మంచి చేతులు" అంది. అంతలోనే, "కాజాలు మాత్రం ఇప్పటికీ సరిగ్గా రావు" అంది.

ఆ నెలలోనే ఒక ఉదయం ఆమె పోయింది. సమాధి చేసి వచ్చాక దూరంనుంచి వచ్చినవాళ్ళకు మందిరం వెనక సంఘంవాళ్ళే వండి పెట్టడం మాలో ఆనవాయితీ. పెద్ద పాత్రలో సంగటి గెలికారు, ఆకుకూరలూ పప్పూ మెదిపి మస్సొప్పు చేశారు. ముద్దలు కట్టాలి, సంగటి చల్లారిపోతుంది. ఏడుపు ముఖంతోనే నీళ్ళగిన్నె ముందు పెట్టుకుని కూర్చుని కట్టడం మొదలుపెట్టాను. చేతులు మర్చిపోలేదు. వేడి అరచేతికి తగిలాక గానీ, ఎన్నేళ్ళ తర్వాత కడుతున్నానో గుర్తు రాలేదు.

పళ్ళెంలో ముద్దలు పెట్టుకుని వరసలో వడ్డిస్తూ పోయాను. చివర్లో అమ్మ కూర్చుని ఉంది. చెల్లెలి పెళ్ళి రవికలు కుట్టిన మనిషి కదా అని ఊరినుంచి బస్సులో వచ్చింది. ఆమె దగ్గరికి చేరగానే ఆగాను. అందరి ముందూ ఆమెను ఇబ్బంది పెట్టకూడదని వంగి, మెల్లగా అడిగాను. "అమ్మా, ఇంకెవర్నైనా పంపించనా?"

అమ్మ నా చేతుల వైపు చూసింది. మణికట్టు దాకా తెలుపు, దాని మీద అంటుకున్న రాగిసంగటి. పళ్ళెం ముందుకు జరిపింది. నేను ముద్ద పెట్టాను. ఆమె దాన్ని తుంచింది, మస్సొప్పులో అద్దింది, మింగింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే ఇంకొక తునక తుంచింది.

"చిన్నదిగా ఉండాది" అంది తల ఎత్తకుండా. "ఇంకొకటి పెట్టమ్మా."

ఇప్పుడు మచ్చలు బుగ్గల మీదికి వచ్చాయి. సిగ్గు పూర్తిగా పోయిందని గొప్పలు చెప్పను. కొత్తవాళ్ళ మధ్య బస్సులో కూర్చుంటే అది అప్పుడప్పుడు వచ్చి పక్కన కూర్చుంటుంది. కానీ రాహేలమ్మ దగ్గర నేర్చుకున్న ఒక పని మాత్రం మానలేదు. కొత్త మనిషి ఎవరు వచ్చినా, వాళ్ళు నా చేతులను చూసి ఆలోచించుకునే లోపల, నేనే ముందు చెయ్యి చాపుతాను. చాలామంది పట్టుకుంటారు. కొందరు తమ చెయ్యి వెనక్కి తీసుకుంటారు. అప్పుడు నొప్పి కలుగుతుంది, ఇన్నేళ్ళయినా కలుగుతుంది. అయినా నా చెయ్యి వెంటనే వెనక్కి లాక్కోను. కాసేపు అలాగే చాపి ఉంచుతాను.